గొడుగు పట్టే మనిషి

హిల్లెగొమ్,
1978 ఫిబ్రవరి 9

అక్కా,

హెర్మన్ బావ పోయాక నీకు ఉత్తరం రాయలేదు. సెప్టెంబరులో రాద్దామనుకున్నాను, తులిప్ దుంపలు నాటే పని తగులుకుంది. నవంబరులో అనుకున్నాను, మడుల మీద గడ్డి కప్పే పని. ఆ తర్వాత పనేమీ లేదు, అయినా రాయలేదు. బావ మంచివాడు. నేను పెట్టిన కాఫీ బాగుందని అబద్ధమాడిన మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే.

ఇంతకీ సంగతేమిటంటే, ఏప్రిల్ ఆఖర్లో ఒకసారి రా. పూల రోజుల్లో నువ్వీ ఊరు వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళయింది. వస్తే క్రిస్మస్‌కి వస్తావు, లేకపోతే ఎవరైనా పోతే వస్తావు. మడులన్నీ బోసిగా ఉండే రోజులు చూసుకుని మరీ వస్తావు. జర్మనీ నుంచి బస్సులు బస్సులుగా జనం దిగుతున్నారు, నువ్వు ఒక్క రైలెక్కి రాలేవా?

మన అగాథా తులిప్ ఏప్రిల్ ఇరవైకల్లా విచ్చుకుంటుంది. పోయినేడు తనిఖీకి వచ్చినాయన మన అగాథా మడుల్లో జబ్బు మొక్కలు ఎక్కువున్నాయని హెచ్చరిక రాసిపోయాడు. ఈసారీ అలాగే ఉంటే మొత్తం తవ్వి కాల్చెయ్యమంటాడు. మే రెండున వస్తాడట. అమ్మ పేరు పెట్టి నాన్న ఇరవయ్యేళ్ళు పెంచిన పువ్వు. మన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఇక్కడ పోతే లోకంలో పోయినట్టే.

నువ్వేం కంగారుపడకు. ఈసారి వరసవరసా నేనే స్వయంగా చూసి జబ్బువి ఏరేస్తాను. పక్కింటి ఆరీ తను చూసిపెడతానన్నాడు. జబ్బున్న మొక్కేదో వాడికి తెలియాలంటే ఆ మొక్క దగ్గాలి.

పై గదిలో పొయ్యి బాగుచేయించాను. రా.

నీ తమ్ముడు
కోస్

——

జుట్ఫెన్,
1978 ఫిబ్రవరి 20

తమ్ముడు కోస్‌కి,

నీ ఉత్తరం చదవడానికి నాకు రెండు పూటలు పట్టింది. ఒక్కో అక్షరం కొట్టు బోర్డు మీద రాసినంత పెద్దగా ఉంది, పై వరస వచ్చి కింది వరస మీద కూర్చుంది. తాగి రాశావా?

నాకు అలసటగా ఉంది కోస్. నిద్రపోతే తీరే అలసట కాదు. పదకొండు నెలలు హెర్మన్‌ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టాను. ఇప్పుడు తిప్పడానికి మనిషి లేడు, చేతులు మాత్రం ఆ వేళకి వాటంతటవే లేస్తున్నాయి. కిటికీ దగ్గర కూర్చుంటే సాయంత్రం అవుతుంది. అంతే, ఇంకేమీ అవదు.

నువ్వు పూలు చూడ్డానికి రమ్మంటున్నావు. పూలు నాకు కొత్తా? పదకొండేళ్ళ వయసు నుంచి ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ప్రతి ఏప్రిల్‌లోనూ నాన్న ముందు ఆ వరసల్లో వంగి నడిచాను. ముదురు ఎరుపు రేకుల్లో ఎక్కడైనా వెంట్రుకంత తెల్లచార కనబడితే, అది జబ్బు. పారతో దుంపతో సహా పెకలించి బకెట్లో వెయ్యాలి. బస్సుల్లో వచ్చే జనం సరిగ్గా ఆ చారల పువ్వు దగ్గరే ఆగి ఫొటో తీసుకుంటారు, అంత అందంగా ఉంటుంది. ఎండ పడితే మంచి రేకు కూడా మెరిసి చారలా కనబడుతుంది, అందుకని నల్ల గొడుగు నీడలోనే చూడాలి. నేను చూసేదాన్ని, నువ్వు నా మీద గొడుగు పట్టేవాడివి. చెయ్యి లాగుతోందని పది మొక్కలకోసారి ఏడ్చేవాడివి. గుర్తుందా?

"రీకా కళ్ళు ఈ ఊళ్ళో ఎవరికీ లేవు" అని నాన్న నలుగురిలో చెప్పుకునేవాడు. పొలం రాసేటప్పుడు మాత్రం ఆ కళ్ళు ఆయనకి గుర్తు రాలేదు. మొత్తం నీకే రాశాడు. ఆ ఏడే హెర్మన్‌ని చేసుకుని వచ్చేశాను. నిన్ననుకుని లాభం లేదు, నువ్వు అడగలేదు. కాకపోతే వద్దనీ అనలేదు.

అందుకే పూల రోజుల్లో రాను. ఇన్నేళ్ళూ నువ్వు అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. ఇప్పుడెందుకు అడుగుతున్నావు?

రీకా

——

హిల్లెగొమ్,
1978 మార్చి 12

అక్కా,

తాగలేదు. పెన్ను లావుది. దుంపల పెట్టెల మీద పేర్లు రాసే పెన్ను, చేతికి అదే దొరికింది.

మడుల మీద గడ్డి తీసేశాం. అగాథా మొలకల ముక్కులు బయటపెట్టింది. ముట్టుకుంటే గట్టిగా, చల్లగా ఉన్నాయి. యుద్ధం ఆఖర్లో వచ్చిన ఆకలి చలికాలం గుర్తొచ్చింది. దుంపలు ఉడికించుకు తిన్నాం కదా, మధ్యలో పచ్చ మొలక తీసేసి. ఊళ్ళో ఉన్న రకాలన్నీ మన కడుపుల్లోకే పోయాయి. అగాథా పెట్టె ఒక్కటి మాత్రం నాన్న తన మంచం కింద పెట్టుకుని పడుకున్నాడు. ఆ పెట్టె వంక చూస్తే కొడతానన్నాడు. ఆకలికి అమ్మ కాళ్ళు వాచిపోయి ఉన్నా నాన్న ఒక్కనాడు అందులో చెయ్యి పెట్టలేదు. నువ్వప్పుడు జుట్ఫెన్‌లో ఉన్నావు. నేను చూశాను.

మొన్న బ్రౌన్ బీన్స్ సూపు కాచాను. ఉప్పు బదులు పంచదార వేశాను. డబ్బాలు రెండూ ఒకేలా ఉంటాయి, ఎవరైనా పొరబడతారు. ఆరీ రెండు చెంచాలు తిని, ఇది తినడానికా దుంపలకి వెయ్యడానికా అని అడిగాడు.

ఎందుకు అడుగుతున్నావంటావు. అరవై మూడేళ్ళొచ్చాయి. కాఫీకి ఎదుట మనిషి లేడు. ఇవి చాలవా? వస్తే నిన్ను పని చెయ్యమనను. మడి పక్కన కుర్చీ వేస్తాను, కూర్చుని ఊరికే చూడు. బతిమాలుతున్నానని అనుకోకు. సరే, బతిమాలుతున్నాను.

కోస్

——

జుట్ఫెన్,
1978 ఏప్రిల్ 10

కోస్‌కి,

ఇరవై రెండో తారీకు, పదకొండు నలభై బండికి దిగుతాను. ఐదు రోజులుంటాను. చుట్టంలా వస్తున్నాను, చుట్టంలాగే ఉంటాను. పార పట్టను. వంట నేను చేస్తాను, అది కూడా నీ సూపుకి భయపడి.

రీకా

——

జుట్ఫెన్,
1978 ఏప్రిల్ 28

తమ్ముడు కోస్‌కి,

క్షేమంగా చేరాను. రైల్లో నా ఎదుట కూర్చున్న ఆవిడ నా చెప్పుల మీది ఇసుక చూసి, సముద్రానికి వెళ్ళొచ్చారా అని అడిగింది. అవునన్నాను. చెప్పే ఓపిక లేదు.

ఊరు మారలేదు. కాలవ పక్కన హయసింత్‌లు విరగబూశాయి, ఆ వాసనకి తలనొప్పి వచ్చి చిన్నప్పటిలాగే నాకు ఆకలి చచ్చిపోయింది. పూల ఊరేగింపు బళ్ళు చూశాం, తుంచిన పూలదండలు కార్లకి కట్టుకుని పోయేవాళ్ళని చూశాం. కాఫీకి ఒక్కటే బిస్కెట్టు తీసి డబ్బా మూత పెట్టే అలవాటు నీకు అమ్మ నుంచే వచ్చింది. మూడోరోజు నేనే రెండోది తీసుకున్నాను, నువ్వు గమనించలేదు.

కుర్చీ వేస్తానన్నావు, వేశావు. మూడు పూటలు కూర్చున్నాను. ఎండ బాగా కాసింది. నువ్వు పక్కన నిలబడి, "ఎలా ఉంది?" అని అడిగావు. బాగుందన్నాను. ఇంకోసారి అడిగావు. ఇంకోసారి చెప్పాను. నువ్వు టోపీ తీసి తల గోక్కుని ఇంట్లోకి వెళ్ళిపోయావు.

అట్టపెట్టెలో ఏముందని స్టేషన్లో అడిగావు కదా. పెరట్లో వేసుకుందామని నాలుగు హయసింత్‌లు తెచ్చుకున్నాను. అడక్కుండా తీసుకున్నందుకు ఏమీ అనుకోకు.

ఒళ్ళు జాగ్రత్తగా చూసుకో. రాత్రిపూట మెట్ల దగ్గర దీపం ఆర్పకు.

రీకా

——

హిల్లెగొమ్,
1978 మే 4

రీకా,

తనిఖీ ఆయన వచ్చాడు. పది నిమిషాలు నడిచాడు. మొదటి మడి చివరిదాకా కూడా వెళ్ళలేదు. పుస్తకం మూసేసి, "కోస్ గారూ, ఐదింట్లో ఒకటి జబ్బుదే. మీరసలు వీటిని చూశారా?" అన్నాడు. ఆరీ ముందు అన్నాడు. నెలాఖరులోగా మొత్తం తవ్వి కాల్చెయ్యాలి. అగాథా పని అయిపోయింది.

నువ్వు మూడు పూటలు ఆ కుర్చీలో కూర్చున్నావు. ఐదింట్లో ఒకటంటే నీ కళ్ళు దాటిపోయేవి కావు. బాగుందన్నావు. రెండుసార్లు అన్నావు. ముప్పై ఎనిమిదేళ్ళు కడుపులో పెట్టుకున్నది ఇందుకేనా? పొలం నాకు రాశాడని కక్షగా ఉంటే మొహం మీద అనాల్సింది. తిట్టాల్సింది. బాగుందనడం ఏమిటి?

నేనూ నీకొకటి చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. రెండేళ్ళ కిందట లైడెన్‌లో డాక్టరుకి చూపించుకున్నాను. రెండు కళ్ళలోనూ చూపు నడిమధ్యన పాడైపోయింది. అంచులు కనబడతాయి. మనిషి వస్తే భుజాలు, చెవులు కనబడతాయి, మొహం ఉండాల్సిన చోట మసక. దీనికి మందు లేదన్నాడు. ఆరీకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. చూపులేనివాడికి ఈ పనిలో చోటు లేదు కదా.

నిన్ను కాఫీకి పిలవలేదు. నీ కళ్ళ కోసం పిలిచాను. వెతికిపెట్టమని నోరు తెరిచి అడగలేకపోయాను. పొలం తీసుకున్నవాణ్ణి, కళ్ళు కూడా ఇమ్మని ఏ మొహంతో అడగను? కుర్చీలో కూర్చోబెడితే నీ అంతట నువ్వే చెప్తావనుకున్నాను.

కోస్

——

జుట్ఫెన్,
1978 మే 9

కోస్,

చూశాను. మొదటిరోజు కుర్చీలో కూర్చోకముందే చూశాను. నాలుగో వరసలోనే మూడు కనబడ్డాయి.

కక్ష లేదని చెప్పలేను. మొదటి చార చూసినప్పుడు నాలో ఏదో ఒక్క క్షణం సంతోషించింది. కళ్ళున్నదాన్ని పంపేసి పొలం కొడుక్కి రాశావు, చూసుకో నాన్నా అనిపించింది. అందుకు సిగ్గుపడుతున్నాను. కానీ అది ఆ ఒక్క క్షణమే, నేను బాగుందన్నది అందుకు కాదు.

నువ్వు పక్కన నిలబడి పువ్వుని ఓరగా చూస్తున్నావు, కోడి గింజని చూసినట్టు. ఎదురుగా ఉన్నదాన్ని అలా ఎందుకు చూస్తున్నాడా అనుకున్నాను. తర్వాత బిస్కెట్టు, పంచదార సూపు, కొట్టు బోర్డంత అక్షరాలు అన్నీ కలిసి అర్థమయ్యాయి. నీకు కనబడటం లేదు.

అయినా చెప్పి ఉండేదాన్నే. నా నోరు నొక్కింది జబ్బు మొక్కలు కాదు, వాటి పక్కనున్న గుంటలు.

రెండోరోజు పొద్దున నువ్వు బ్రెడ్డు కొనడానికి వెళ్ళినప్పుడు షెడ్డు వెనక్కి వెళ్ళాను. నువ్వు ఏరి పారేసిన మొక్కలు అక్కడ కుప్పగా ఉన్నాయి, మూడొందల పైనే. షెడ్డులో మేకుకి మన నల్ల గొడుగు వేలాడుతోంది, దాని మీద సాలెగూడు. నువ్వు గొడుగు లేకుండా వెతికావు. ఒక చేత్తో పార, ఇంకో చేత్తో దారి తడుముకునే కర్ర ఉంటే గొడుగు పట్టడానికి మూడో చెయ్యి ఎక్కడిది? ఎండకి మంచి రేకులు మెరిశాయి. ఆ మెరుపు నీకు అంచుల్లోంచి చారలా కనబడింది. జబ్బు రేకు కాంతి లేకుండా ఉంటుంది, మెరవదు. కాబట్టి దాన్ని వదిలేశావు.

ఆ పొద్దునా, మర్నాడూ నువ్వు లేని వేళ చూసుకుని గొడుగు తెరిచి, ఆ కుప్పలో ఒక్కొక్క మొక్కా దాని కింద చూశాను. అన్నీ మంచివే కోస్. నువ్వు జబ్బువి ఉంచి మంచివి పీకావు.

ఇది నీతో ఎలా చెప్పను? జబ్బు ఉందని చెప్తే, మరి నేను ఏరినవేమిటి అని అడుగుతావు. నువ్వు టోపీ పట్టుకుని నిలబడి ఉన్నావు. నాకు ఓపిక లేకపోయింది. హెర్మన్‌కి ఆఖరి నెలలో ప్రతి పొద్దునా ఇవాళ బాగున్నావని చెప్పేదాన్ని. అదే మాట నోట్లోంచి వచ్చేసింది. చెప్పినా అగాథా దక్కేది కాదు, ఐదింట్లో ఒకటి చొప్పున నాలుగు రోజుల్లో ఏరగలిగేవాళ్ళం కాదు. కానీ ఆ మనిషి నోట, ఆరీ ముందు, నువ్వు ఆ మాట వినకుండా ఉండేవాడివి. అది నా తప్పే.

ఇంకొకటి కూడా అబద్ధం చెప్పాను. అట్టపెట్టెలో హయసింత్‌లు లేవు. ఆ కుప్పలోంచి వాడిపోకుండా ఉన్నవి అరవై ఏరి తడిగుడ్డ చుట్టి తెచ్చాను. పెరట్లో నీడన పాతాను. బతుకుతాయో లేదో తెలియదు.

రీకా

——

హిల్లెగొమ్,
1978 మే 30

అక్కా,

భూతద్దం పెట్టుకుని నీ ఉత్తరం మూడు రోజులు చదివాను. చదవడం అయ్యాక ఇంకో మూడు రోజులు ఏమీ చెయ్యలేదు.

కాల్చేశాం. ఆరీ సాయం చేశాడు. పచ్చివి కదా, మండలేదు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొగ. వాడితో నా కళ్ళ సంగతి చెప్పాను. పోయినేటి నుంచే తెలుసన్నాడు. తను చూసిపెడతానన్నది అందుకేనట. ఎవరూ నన్నేమీ అడగలేదు, అందరికీ తెలుసు. ఈ ఊరి మర్యాద అలాంటిది.

నిన్ను అన్నమాటలు వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు చేసింది తప్పే, నేను చేసిందీ తప్పే. నాన్న పొలం ఒకరికిచ్చి కళ్ళు ఇంకొకరి దగ్గర వదిలేశాడు. రెండూ ఒకచోట పెట్టి ఉండాల్సింది. పొలం రాసిచ్చిన రోజున నేను వద్దనాల్సింది, లేదా సగం అనాల్సింది. నాకప్పుడు పాతికేళ్ళు, సంతోషపడ్డాను. అది చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది.

జుట్ఫెన్ మట్టి బంకమట్టి, దుంప కుళ్ళిపోతుంది. ఇసుక కలుపు, సగానికి సగం. పూలు ఉన్నవాటికి వెంటనే తలలు తుంచెయ్యి, పువ్వు ఉంటే బలం దుంపకి దిగదు. ఆకులు వాటంతటవే పండేదాకా ముట్టుకోకు. ఇవన్నీ నీకు తెలుసు. అయినా చెప్తున్నాను.

కోస్

——

జుట్ఫెన్,
1978 నవంబరు 2

తమ్ముడు కోస్‌కి,

మొక్కలు తెచ్చిన రోజే పూల తలలు తుంచాను.

జులైలో తవ్వాను. అరవైలో పదమూడు కుళ్ళిపోయాయి. మిగతా నలభై ఏడు పొట్టు తీసి పాత దినపత్రిక మీద ఆరబెట్టాను. వెల్లుల్లి రెబ్బంతే ఉన్నాయి కొన్ని. వంటింటి బల్ల మీద పొట్టు తీస్తుంటే చిన్నప్పటిలాగే వేళ్ళు దురద పెట్టాయి. దురద పుట్టినందుకు చాలాసేపు ఏడ్చాను. హెర్మన్ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఎందుకో నాకే అర్థం కాలేదు.

మా వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గర రెండు బస్తాల ఇసుక అడిగి తెచ్చుకుని నిన్న నాటాను. నడుము పట్టేసింది. మంచివని నేను చూసి తెచ్చాను కానీ, జబ్బు మొక్కల మధ్య పెరిగినవి. లోపల ఏముందో దుంపని చూస్తే తెలియదు. పూసినప్పుడే తెలుస్తుంది. అప్పటిదాకా నన్ను ఎలా ఉన్నాయని అడగకు.

రీకా

——

హిల్లెగొమ్,
1979 జనవరి 17

అక్కా,

ఈ ఉత్తరం నేను చెప్తుంటే ఆరీ రాస్తున్నాడు, కాబట్టి వాణ్ణి ఏమీ అనడానికి వీల్లేదు. పొలం ఆరీకి కౌలుకిచ్చాను. పొద్దున్నే లేవడం అలవాటైపోయింది, లేచి ఏం చెయ్యాలో తెలియడం లేదు.

చలి విపరీతంగా ఉంది, కాలవ గట్టిగా గడ్డకట్టింది. మడి మీద ఏమైనా కప్పావా? గడ్డి జానెడు మందం ఉండాలి. నువ్వు అడగొద్దన్నావు, అడగడం లేదు. కప్పావా లేదా అంతే చెప్పు.

కోస్

——

జుట్ఫెన్,
1979 జనవరి 22

కోస్‌కి,

గడ్డి దొరకలేదు. ఆకులు పరిచి, వాటి మీద హెర్మన్ చలికోటు కప్పాను. ఏడాదిన్నర నుంచి దాన్ని ఎవరికిచ్చెయ్యాలా అని చూస్తున్నాను.

రీకా

——

జుట్ఫెన్,
1979 మే 6

తమ్ముడు కోస్‌కి,

ఈ ఉత్తరం ఆరీ చేత చదివించుకో, నెమ్మదిగా చదవమను.

ఈ ఏడు అన్నీ ఆలస్యం. మొన్న గురువారం విచ్చుకున్నాయి. నలభై ఏడులో మొలిచినవి ముప్పై ఒకటి, పూసినవి పంతొమ్మిది. మిగతావి ఒంటి ఆకుతో ఉన్నాయి, వాటికి ఇంకో రెండేళ్ళు పడుతుంది. అప్పటికి మనకెన్నేళ్ళో లెక్కపెట్టకు, నేను పెట్టి మానేశాను.

కిందటేడు నీతో బాగుందన్నాను. ఇంకెప్పుడూ ఆ మాట అనను. ఉన్నదున్నట్టు చెప్తాను. పంతొమ్మిదిలో రెండిటికి చారలున్నాయి. ఒకటి అందరికీ కనబడేంత చార, ఇంకోటి రేకు అంచున వెంట్రుకంత. రెండూ దుంపతో సహా పెకలించి కాల్చేశాను. పదిహేడు మంచివి. ముదురు ఎరుపు, ఎక్కడా మచ్చ లేదు. నేను తెచ్చినది నువ్వు పారేసిన కుప్పలోంచి, అది మర్చిపోకు. నువ్వు పీకకపోతే ఇవీ మిగతావాటితో కాలిపోయేవి.

ఒక్క చూపుతో పని పూర్తయినట్టు కాదని నాన్న అనేవాడు కదా. ఒకసారి చూసి వదిలెయ్యకూడదు, మూడుసార్లు చూడాలి. ఒకసారి చూశాను. ఒంటరిగా కుదరడం లేదు. గొడుగు ఎడమచేత్తో పట్టుకుని వంగితే అది పక్కకి వాలి ఎండ పడుతోంది. నాకున్నది బూడిదరంగు గొడుగు, దాని నీడ చాలదు. అరవై ఏడేళ్ళొచ్చాయి, మోకాళ్ళు కూడా మాట వినడం లేదు.

షెడ్డులో ఉన్న మన నల్ల గొడుగు సాలెగూడు దులిపి పట్టుకుని రా. శనివారం పదకొండు నలభై బండికి నేను స్టేషన్‌కి వస్తాను. గొడుగు పట్టడానికి చూపక్కర్లేదు. చెయ్యి లాగితే చెప్పు, పది మొక్కలకోసారి ఆగుదాం.

నీ అక్క
రీకా